మింట్ కండిషనట, మింట్!

కొత్త కెమెరా ఎవడైనా కొనగలడు. జేబులో డబ్బుంటే చాలు, బుర్ర అక్కర్లేదు. పాత కెమెరా కొనాలంటే కన్నూ, చెవీ, వేళ్ళూ మూడూ పనిచెయ్యాలి. అమ్మేవాడి మొహంలోకి చూసి “ఎందుకు అమ్ముతున్నావు బాబూ?” అని అడిగే తెగువ కూడా ఉండాలి. ఇప్పటి కుర్రాళ్ళకి మొదటి మూడూ దేవుడు ఇచ్చాడు గానీ వాడరు. నాలుగోదానికి అవకాశమే లేదు. అమ్మేవాడు టోక్యోలోనో ఒసాకాలోనో ఉంటాడు. కొనేవాడు గచ్చిబౌలిలో మంచమ్మీద వెల్లకిలా పడుకుని ఉంటాడు. మధ్యన ఒక ఫోను, నాలుగు తళతళలాడే ఫోటోలు, ‘నియర్ మింట్’, అంటే ఇంచుమించు కొత్తదే, అనే మాట. పొద్దున్న లేచేసరికి లక్షన్నర చెల్లు.

మా మనవడికి ఈమధ్య రేంజ్‌ఫైండర్ పిచ్చి పట్టింది. వాడొక్కడికే అయితే ఇంటిగొడవ అనుకుని ఊరుకునేవాణ్ణి. వాడి ఆఫీసులో సగంమందికి పట్టిందట. మొన్నమొన్నటిదాకా నా రష్యన్ కెమెరా జోర్కీ-4ని “ఆ ఇనపముక్క ఇంకా ఎందుకు తాతయ్యా?” అన్నవాడే ఇప్పుడు రాత్రి పదకొండింటికి ఫోన్ చేసి “లైకా ఎం3 దొరికింది, 50 సమ్మిక్రాన్ లెన్సు కూడా కావాలి, తీసుకోమంటావా?” అని అడుగుతున్నాడు. కెమెరా చేత్తో పట్టుకున్నావురా అంటే, “వీడియో చూశాను” అంటాడు. వీడియోలో అరిసె చూసి పాకం కుదిరిందో లేదో చెప్పగలరా ఎవరైనా?

తెలియనివాళ్ళకి రెండు ముక్కల్లో చెబుతాను. ఎస్సెల్లార్ కెమెరాలో లెన్సులోంచి వచ్చిన బొమ్మే లోపలి అద్దంమీద పడి మన కంటికి చేరుతుంది. రేంజ్‌ఫైండర్‌లో కంటికి వేరే కిటికీ ఉంటుంది. దానికి కొంచెం ఎడంగా ఇంకో చిన్న కిటికీ. రెండో కిటికీలోంచి వచ్చిన బొమ్మ మొదటిదాని నడుమ ఒక చిన్న గడిలో కనబడుతుంది. లెన్సు తిప్పుతుంటే ఆ గడిలో బొమ్మ పక్కకి జరుగుతుంది. రెండు బొమ్మలూ కలిసి ఒకటైనచోట ఫోకస్ కుదిరినట్టు. 1932లో జర్మనీలో లైట్జ్ కంపెనీ లైకా-2తో ఈ ఏర్పాటుని లెన్సుకి జోడించింది. అదే ఏడు జైస్ ఐకాన్ వాళ్ళు కాంటాక్స్‌ని దించారు. ఆ తర్వాత ఓ పాతికేళ్ళు చేతిలో పట్టే చిన్న కెమెరా అంటే ఇదే.

దీంతో ఒక చిక్కుంది. లెన్సుకి మూత పెట్టే ఉన్నా కిటికీలోంచి లోకమంతా వెలుగుతూనే కనబడుతుంది. పెళ్ళికి వెళ్ళి తలంబ్రాలు మొత్తం మూత తియ్యకుండా తీసిన మహానుభావులు మా రోజుల్లో ప్రతి వీధిలోనూ ఒకరు ఉండేవారు. ఇప్పటివాళ్ళు ఆ పని ఇంకా ఖరీదైన కెమెరాతో చేస్తున్నారు, అంతే తేడా.

1954లో లైకా ఎం3 రావడంతో ఈ జాతి కెమెరాల వైభవం పతాకస్థాయికి చేరింది. అయిదేళ్ళకే నికాన్ ఎఫ్ అనే ఎస్సెల్లార్ వచ్చి దాన్ని కిందికి లాగింది. దూరపు లెన్సు తగిలించినా, పువ్వు ముందు మోకాళ్ళమీద కూర్చున్నా కంటికి కనబడిందే ఫిల్ముమీద పడుతుంటే రెండు కిటికీలతో ఎవడు వేగుతాడు? ఆ గాలి మా ఊరికి కాస్త ఆలస్యంగా తగిలింది. స్టూడియోవాళ్ళు ఒక్కొక్కరే ఎస్సెల్లార్‌కి మారి పాతవాటిని వచ్చినకాడికి అమ్ముకున్నారు. డిజిటల్ వచ్చాక ఇక అడిగే నాథుడే లేకపోయాడు. ఇప్పుడు చూడండి. 1984 నాటి ఎం6ని లైకావాళ్ళు 2022లో మళ్ళీ తయారుచేసి కొత్తదిగా అమ్ముతున్నారు. పెంటాక్స్‌వాళ్ళు 2024లో సరికొత్త ఫిల్ము కెమెరా తెచ్చారు. అటకమీద నుంచి దించి మేం పారేసినవాటికి ఇప్పుడు వేలం పాటలు. మా ఇంటావిడ అడిగే ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు: “అప్పుడే నాలుగు కొని దాచకపోయారా?”

కొనడానికి విశాఖపట్నంలో మాకొక సౌకర్యం ఉండేది. రష్యన్లు. 1960ల చివర్లో మన నేవీకి సోవియట్ జలాంతర్గాములు రావడం మొదలైంది. ఇవాళ ఆర్కే బీచ్‌లో టిక్కెట్టు కొనుక్కుని లోపల తిరిగి వస్తున్నారే, ఆ కుర్సురా అప్పటిదే. వాటి వెనక నిపుణులు వచ్చారు. 1979లో ఉక్కు కర్మాగారానికి సోవియట్‌తో ఒప్పందం కుదిరాక ఇంజినీర్లూ వచ్చారు. తిరుగు ప్రయాణం దగ్గర పడేసరికి మెళ్ళో వేలాడే జోర్కీనో, ఫెడ్‌నో, కీవ్‌నో ఇక్కడ ఇచ్చేసి, ఆ డబ్బుతో జీన్‌ప్యాంట్లూ తోలు సంచులూ కొనుక్కుని వెళ్ళేవాళ్ళు. వాళ్ళకి తెలుగు రాదు, మాకు రష్యన్ రాదు. వేళ్ళమీద బేరం. అయినా మా మనవడి ఇంగ్లీషు బేరాలకన్నా చక్కగా కుదిరేది.

ఆ మూడు రష్యన్ కెమెరాలకీ జర్మనీతో చుట్టరికం ఉంది. ఫెడ్ 1934లో ఖార్కోవ్‌లో లైకాని చూసి చేసింది. యుద్ధం అయ్యాక దానికి తమ్ముడిగా మాస్కో దగ్గర క్రాస్నోగోర్స్క్‌లో జోర్కీ పుట్టింది. కీవ్ కథ వేరు. యుద్ధ పరిహారం కింద జైస్‌వాళ్ళ కాంటాక్స్ యంత్ర సామగ్రినే పట్టుకెళ్ళి కీవ్ నగరంలో తయారీ పెట్టారు. జోర్కీ-4లైతే 1956 నుంచి 1973 దాకా 17 లక్షలకు పైగా తయారయ్యాయి. అందుకే అవి ఇప్పటికీ దొరుకుతున్నాయి. దొరికినవన్నీ పనిచేస్తాయని మాత్రం నేను అనలేదు.

బేరంలో అన్నిటికన్నా ముఖ్యమైన షరతు ఒకటి ఉండేది. కెమెరా ఒక పూట మా చేతికి ఇవ్వాలి. మేం ఒక రీలు వేసి, తీసి, ఆ రాత్రే కడిగి చూసుకుంటాం. నెగటివ్ బాగుంటే డబ్బు, లేకపోతే కెమెరా వాపసు. రష్యనైనా, స్టూడియో మనిషైనా, గల్ఫ్ నుంచి వచ్చిన మేనబావ అయినా ఇదే షరతు. దీనికి ఒప్పుకోనివాడి దగ్గర కొనేవాళ్ళం కాదు. ఇప్పటి బేరంలో కెమెరా ఫోటోలు మీకు పంపిస్తారు. ఆ కెమెరా తీసిన ఫోటోలు ఎవరూ పంపరు, ఎవరూ అడగరు. నా ఫిర్యాదు మొత్తం ఇదే. మిగతాదంతా వివరం.

కెమెరా చేతికి వచ్చాక ముందు పైపూత చూసేవాళ్ళం, కానీ ఇప్పటివాళ్ళు చూసే పద్ధతిలో కాదు. అంచుల్లో రంగుపోయి ఇత్తడి బయటపడితే, వేళ్ళు ఆనేచోట తోలు నునుపెక్కితే సంతోషించేవాళ్ళం. అంటే అది తిరిగిన కెమెరా. దాని స్ప్రింగులు కదులుతూ ఉన్నాయి, గ్రీజు గడ్డకట్టే తీరిక దొరకలేదు. ఏళ్ళ తరబడి తోలు పెట్టెలో నిద్రపోయిన కెమెరాకి మెరుపు పోదు. లోపల మాత్రం పాత గ్రీజు గట్టిపడుతుంది, తోలులో నిలిచిన తేమ లెన్సులోకి ఎక్కుతుంది. పైన పటారం, లోన లొటారం. ఆ పటారానికే ఇప్పుడు ‘మింట్’ అని పేరు పెట్టి రెట్టింపు ధర కడుతున్నారు.

తర్వాత చెవి పని. వేగాన్ని ఒక సెకనుకి పెట్టి నొక్కితే లోపల గిర్రుమని సన్నగా తిరిగి టక్కున మూసుకోవాలి. మధ్యలో నసిగిందంటే గ్రీజు ఎండిపోయింది. సగం, పావు, ఎనిమిదో వంతు, పదిహేనో వంతు... వరసగా ఒక్కొక్కటీ వినాలి. ఒకదానికీ ఇంకోదానికీ తేడా చెవికి తెలియాలి. జోర్కీలో ఇంకో నియమం ఉంది: ముందు ఫిల్ము తిప్పాలి, ఆ తర్వాతే వేగం మార్చాలి. తిరగేసి చేస్తే లోపలి పళ్ళు పాడవుతాయి. కొనడానికి వచ్చినవాడు తిప్పకుండానే వేగం గుండీ మీద చెయ్యి వేస్తే, అమ్మే స్టూడియో మనిషి అతని చేతిలోంచి కెమెరా లాక్కునేవాడు. అలాంటి అమ్మకందార్లు ఉండేవారు బాబూ మా రోజుల్లో. సరుకు పోతుందని కాదు, యంత్రం పాడవుతుందని.

లెన్సు ఊడని రేంజ్‌ఫైండర్లకి కూడా చెవి పరీక్షే. యాషికా ఎలక్ట్రో 35 మన దేశంలో ఒకప్పుడు ప్రతి బంధువు మెళ్ళోనూ కనబడేది. దాన్ని తిప్పేటప్పుడు లోపల ‘టక్’ మని ఒక చప్పుడు వినిపించాలి. వినిపించలేదంటే లోపలున్న చిన్న రబ్బరు మెత్త కరిగిపోయింది, వెలుతురు లెక్క తప్పుతుంది. పైగా దానికి పాదరసం బ్యాటరీ కావాలి, ఆ బ్యాటరీ ఇప్పుడు తయారుకాదు, ఏవో అడ్డతొడుగులు వెయ్యాలి. ‘చప్పుడు వస్తోందా’ అని అమ్మేవాడికి రాయమని మనవడితో చెప్పాను. “చాలా అందమైన కెమెరా, వేగంగా పంపిస్తాం” అని జవాబొచ్చిందట.

షట్టరు తెర చూడ్డం మరో ఎత్తు. లైకాలోనూ జోర్కీలోనూ రబ్బరు పూసిన గుడ్డ తెరలు. ఎస్సెల్లార్‌లో లెన్సుకీ తెరకీ మధ్యన అద్దం అడ్డం ఉంటుంది. రేంజ్‌ఫైండర్‌లో అద్దం లేదు. మూత పెట్టకుండా కెమెరాని సూర్యుడివైపు తిప్పి బల్లమీద పెడితే, లెన్సు భూతద్దమై తెరని కాల్చేస్తుంది. మన ఎండలకి ఆ పని ఎంతసేపూ పట్టదు. చూసి రమ్మంటే కాల్చి వచ్చిన కెమెరాలు మా ఊళ్ళో చాలా ఉండేవి. చీకటి గదిలో లెన్సు ఊడదీసి, వెనకనుంచి తొంగిచూస్తూ ముందునుంచి టార్చి కొడితే చిల్లులు చుక్కల్లా మెరుస్తాయి. జపానువాళ్ళు కెనాన్ పి, కెనాన్ 7 కెమెరాలకి పల్చటి ఉక్కు తెరలు పెట్టింది ఈ బాధ తప్పించడానికే. అవి కాలవు గానీ వేలు తగిలితే ముడతలు పడతాయి. ముడతలున్నా చాలామట్టుకు పనిచేస్తాయి. ఫోటోలో ముడతలు చూసి మంచి కెమెరాని వదిలేసి, చిల్లులు కనబడని కెమెరా కొనేవాణ్ణి ఏమనాలి?

ఇక రెండు బొమ్మల సంగతి. బీచ్‌లో నిలబడి డాల్ఫిన్స్ నోస్ మీది లైట్‌హౌస్‌కి గురిపెట్టేవాళ్ళం. లెన్సుని అనంతం గుర్తుదాకా తిప్పితే రెండు లైట్‌హౌసులూ ఒకటైపోవాలి. పక్కకి జరిగి ఉన్నాయా, ఫోకస్ లెక్క తప్పింది. ఒకటి పైనా ఒకటి కిందా ఉన్నాయా, కెమెరా ఎక్కడో కిందపడింది. మధ్య గడి మసకగా ఉంటే లోపలి పూత పోయింది. ఎం3లో అయితే లోపలి పట్టకాలని అతికించిన జిగురు గట్టి దెబ్బకి విడిపోతుంది, బొమ్మ నల్లబడుతుంది. అది బాగుచేయించడం కన్నా ఇంకో కెమెరా వెతుక్కోవడం నయం. ఇవేవీ అమ్మకం ఫోటోల్లో తెలియవు. “వ్యూఫైండర్ క్లియర్” అని రాస్తారు. కిటికీ అద్దం తుడిస్తే క్లియరే మరి!

లెన్సు పరీక్షకి టార్చి చాలు. వెనకనుంచి వెలుతురు కొట్టి ఏటవాలుగా చూడాలి. చెట్టు వేళ్ళలా పాకిన తెల్లటి గీతలుంటే ఫంగస్. సముద్రపు ఊళ్ళో ఫంగస్ లేని లెన్సుండడమే గొప్ప. పల్చటి పొగ పట్టినట్టుంటే పాత నూనె ఆవిరి. అది శుభ్రం చేయిస్తే చాలాసార్లు పోతుంది. సన్నటి గీతలు మాత్రం పోవు. తొలినాటి సమ్మిక్రాన్ల ముందు గాజు మెత్తన, తుడిచి తుడిచి గీకేస్తారు. మా వైపు అయితే పంచె కొంగే లెన్సు తుడిచే గుడ్డ. గాజులో చిన్న బుడగ కనబడితే మాత్రం భయపడక్కర్లేదు. ఆ రోజుల్లో మంచి గాజులోనూ బుడగలుండేవి, బొమ్మకి ఏ హానీ లేదు. మనవడి స్నేహితుడొకడు బుడగ చూసి మంచి జూపిటర్-8 లెన్సుని వెనక్కి పంపేశాడట. ఫంగసున్నది ఉంచుకున్నాడు. అది ఫోటోలో కనబడలేదుగా.

ఈ అమ్మకందార్ల భాషకి ఒక నిఘంటువు రాయొచ్చు. ‘మింట్’ అంటే తుడిచారు. ‘నియర్ మింట్’ అంటే తుడిచినా పోలేదు. ‘ఎక్సలెంట్ ప్లస్ ఫైవ్’ అంటే కిందపడింది. ‘ఫిల్ముతో పరీక్షించలేదు’ అంటే పరీక్షించారు. ‘వయసుకి తగ్గట్టు పనిచేస్తుంది’ అంటే నాలాగే పనిచేస్తుంది.

సరే, కెమెరా శరీరం దొరికింది. దానికి తగ్గ లెన్సు ఏదన్నది అసలు ప్రశ్న. ఇక్కడే ఇప్పటివాళ్ళు బొక్కబోర్లా పడుతున్నారు. మా రోజుల్లో కెమెరా, లెన్సు కలిసే వచ్చేవి. ఒకే ఫ్యాక్టరీ, ఒకే లెక్క, ఏళ్ళ తరబడి ఒకదాన్నొకటి అంటిపెట్టుకుని తిరిగినవి. ఇప్పుడు అమ్మేవాడు రెండింటినీ విడదీసి అమ్ముతాడు, విడిగా అమ్మితే ఎక్కువొస్తుంది కాబట్టి. కొనేవాడు ఒక దేశంనుంచి శరీరం, ఇంకో దేశంనుంచి లెన్సు తెప్పిస్తాడు. రెండు సుంకాలు, రెండు పార్సిళ్ళు, మధ్యన ఒక చైనా రింగు.

ఆ రింగు సంగతి చెబుతాను. పాత లైకాలకీ, ఫెడ్‌కీ, జోర్కీకీ లెన్సు మరచుట్టుతో బిగుస్తుంది, 39 మిల్లీమీటర్ల వెడల్పు. ఎం3 నుంచి మర పోయి, తిప్పి తాళం వేసే పద్ధతి వచ్చింది. మరచుట్టు కెమెరాలో లెన్సు కూర్చునే అంచు నుంచి ఫిల్ము దాకా దూరం 28.8 మిల్లీమీటర్లు. ఎం కెమెరాలో 27.8. ఆ ఒక్క మిల్లీమీటరు మందాన రింగు వేస్తే పాత లెన్సు కొత్త కెమెరా మీద సరిగ్గా కూర్చోవాలని లైట్జ్‌వాళ్ళు ముందే ఆలోచించారు. ఎంత ముందుచూపో చూడండి. ఇప్పుడు రెండొందలకి దొరికే రింగులో ఆ మిల్లీమీటరు మిల్లీమీటరుగా ఉండదు. అదిగో, లైట్‌హౌసులు రెండవుతాయి.

రింగు బాగున్నంత మాత్రాన అయిపోలేదు. సోవియట్‌వాళ్ళ జూపిటర్-8 మంచి లెన్సు, చవకలో దొరుకుతుంది, జైస్ సోనార్‌కి స్వయానా నకలు. దాన్ని లైకామీద పెట్టేవాళ్ళు పెరిగారు. మరచుట్టు ఒకటే, చక్కగా ఎక్కుతుంది. కానీ లైకా రేంజ్‌ఫైండర్ తన మామూలు లెన్సు 51.6 మిల్లీమీటర్లదనుకుని లెక్కవేస్తుంది. సోవియట్ వాళ్ళ లెక్క సోనార్‌ని అనుసరించి 52.4. దూరంగా ఉన్న కొండని తీస్తే ఈ తేడా తెలియదు. లెన్సు రంధ్రాన్ని ఎఫ్ 8 దాకా బిగిస్తే తెలియదు. ఎదురుగా మీటరు దూరంలో కూర్చున్న మనిషిని లెన్సు పూర్తిగా తెరిచి ఎఫ్ 2 దగ్గర తీస్తే, కంటికి కలిసిన రెండు బొమ్మలు ఫిల్ముమీద కలవవు. కన్నుకి పెట్టిన ఫోకస్ ఇంకెక్కడో పడుతుంది. అదే లెన్సు జోర్కీమీద ముత్యంలా పనిచేస్తుంది. ఇది ఏ టార్చికీ దొరకదు, ఏ చెవికీ వినపడదు. నెగటివ్ ఒక్కటే చెబుతుంది. అందుకే ఒక రీలు తీసి చూడందే డబ్బిచ్చేవాళ్ళం కాదు.

జత అంటే బిగుసుకోవడం ఒక్కటే కాదు, కంటికీ కుదరాలి. ఎం3 కిటికీలో లోకం ఇంచుమించు కంటికి కనబడినంత పెద్దగా, 0.91 వంతు కనబడుతుంది. అందులో 50, 90, 135 మిల్లీమీటర్ల లెన్సులకే బొమ్మ హద్దులు చూపే గీతలున్నాయి. 50కి అంతకన్నా మంచి కెమెరా ఇప్పటికీ లేదంటాను. మా మనవడు అడిగింది 50 సమ్మిక్రానే కాబట్టి, ఆ ఒక్క విషయంలో వాణ్ణి మెచ్చుకున్నాను. ఆనందం ఎంతోసేపు నిలవలేదు. “35 కూడా కొంటా, వీధుల్లో తియ్యడానికి” అన్నాడు. ఎం3లో 35కి గీతలే లేవురా! దానికోసం లైట్జ్‌వాళ్ళు ముందు కళ్ళద్దాలు తగిలించిన ప్రత్యేకమైన 35 లెన్సులు చేశారు. లేదంటే పైన వేరే కిటికీ తగిలించుకోవాలి. 35 కావాలంటే తర్వాత వచ్చిన ఎం2 చూసుకో, దాని కిటికీ 0.72, అందులో 35కి గీతలున్నాయి, పైగా చాలాసార్లు ధరా తక్కువ. “ఎం3కే పేరుంది తాతయ్యా” అన్నాడు. పేరు మెళ్ళో వేసుకుని తిరుగు అయితే.

పేరు అనగానే గుర్తొచ్చింది. అమ్మకం కబుర్లలో ఫ్రెంచి ఫోటోగ్రాఫర్ కార్టియే-బ్రెస్సోఁ పేరు లేకుండా ఒక్క లైకా అమ్ముడుపోదు. ఆయన 1948 జనవరిలో ఢిల్లీలో గాంధీగారి చివరి రోజుల్లో ఫోటోలు తీశారు కాబట్టి ఎం3 చరిత్రాత్మకమని ఒకడు రాశాడట, మనవడు నమ్మేశాడు. 1954లో పుట్టిన కెమెరా 1948లో ఎలా తీసిందిరా? అవి మరచుట్టు లైకాల రోజులు. ఆ మరచుట్టు లైకాలు ఇప్పుడూ ఎం3కన్నా చవకే. అమ్మేవాడికి ఆ సంగతి చెప్పే అవసరం లేదు.

పేరుకున్న గిరాకీ చూసి దొంగలూ తయారయ్యారు. ఫెడ్, జోర్కీల మీది అక్షరాలు గీకేసి ‘లైకా’ అని చెక్కుతారు. బంగారు పూత పూసి, గద్ద బొమ్మ వేసి, 1936 బెర్లిన్ ఒలింపిక్స్ అని రాసి మ్యూజియం సరుకులా అమ్ముతారు. గుర్తుపట్టడం కష్టమేమీ కాదు. లెన్సు ఊడదీసి లోపలికి చూస్తే పైన చిన్న చెయ్యి ఒకటి ఉంటుంది, లెన్సు వెనక అంచుని తాకి రేంజ్‌ఫైండర్‌కి దూరం చెప్పేది. అసలు లైకాలో దాని కొసన గుండ్రటి చక్రముంటుంది. ఫెడ్‌లోనూ జోర్కీలోనూ మొనదేలిన దిమ్మ. లెన్సు ఊడదీసి చూపించమంటే మాట మార్చేవాడి దగ్గర బేరం ఆపెయ్యండి. జోర్కీని జోర్కీగానే కొంటే నాకే అభ్యంతరమూ లేదు, మంచి కెమెరా. బంగారు లైకా అనుకుని కొంటేనే బాధ.

బాగుచేసేవాళ్ళ మాట చెప్పకుండా ముగించలేను. మా ఊళ్ళో జగదాంబ సెంటర్ దగ్గర మేడమెట్ల కింద ఒకాయన కూర్చునేవాడు. మా బేరాలన్నిటికీ ఆయనే పెద్దమనిషి. కెమెరా చెవిదగ్గర పెట్టుకుని రెండుసార్లు నొక్కి, “ఇంకో వంద తగ్గించి తీసుకోండి, నూనె వెయ్యాలి” అనేవాడు. అమ్మేవాడు ఎదురాడేవాడు కాదు. ఇప్పుడు అలాంటివాళ్ళు ఊరికొకరు కాదు, రాష్ట్రానికి ఒకరిద్దరు ఉంటే గొప్ప. వాళ్ళ దగ్గర వరస నెలల తరబడి. కొనే ధరలో ఆ ఖర్చు కలిపి చూసుకోవాలని ఎవరికీ తోచదు. పాత రేంజ్‌ఫైండర్ కొన్నారంటే దాని సర్వీసు కూడా కొన్నట్టే. అది లేకుండా నడుస్తుందన్నవాడు అబద్ధమైనా చెబుతున్నాడు, అమ్మకానికైనా పెట్టాడు.

ఇప్పటివాళ్ళని మెచ్చుకోవలసినవి లేకపోలేదు. లైకా నంబరు కొడితే ఏ ఏడాది సరుకో చెప్పే జాబితాలు అరచేతిలో ఉన్నాయి. చాలా జోర్కీలకి ఆ శ్రమ కూడా లేదు, నంబరులో మొదటి రెండంకెలే సంవత్సరం. మాకు దొరకని మాన్యువళ్ళు వాళ్ళకి ఉచితం. మా అన్నయ్య మనవరాలు డల్లాస్‌లో ఉంటుంది. ఫోనుకి చిన్న సెన్సరు తగిలించి తన కెనాన్ పి షట్టరు కొలిచింది. అయిదొందలో వంతు అని రాసినచోట మూడొందలో వంతే వస్తోందట. నెమ్మది వేగాలు చెవికి తెలుస్తాయి గానీ, అంత వేగం ఏ చెవికీ అందదు. కొలిచాకే ధర తగ్గించమని అడిగిందట, తగ్గించారట. అమ్మాయిలు కెమెరా దుకాణం గడప తొక్కడమే మా రోజుల్లో ఎరగం. ఈ పిల్ల గడప తొక్కడమేమిటి, దుకాణంవాడికే పాఠం చెప్పి వచ్చింది. కాలం అన్నివైపులా చెడిపోలేదన్నమాట.

మళ్ళీ కోపం తెప్పించే విషయానికి వస్తాను. ఇంత తంటాలుపడి కెమెరా కొంటారా, ఫిల్ము వేస్తారా. రంగు రీలు వెయ్యి రూపాయల పైమాటేనట. మేం తూర్పు జర్మనీ ఓర్వో ఫిల్ము డబ్బాలో పొడుగ్గా వచ్చేది కొని, చీకట్లో కాసెట్లలోకి చుట్టుకునేవాళ్ళం. లేదంటే ఊటీలో తయారైన మన ‘ఇందు’. ఒక రీలు సంక్రాంతికి మొదలైతే ఉగాదికి అయ్యేది. సరే, రోజులు మారాయి. వీళ్ళు ఆ రీలుని ల్యాబుకి పంపుతారు. వాళ్ళు కడిగి, స్కాన్ చేసి, ఫోనుకి పంపుతారు. మరి నెగటివ్‌లేవిరా అంటే, “అక్కడే ఉంటాయి తాతయ్యా, కొన్నాళ్ళు ఉంచి పారేస్తారు” అన్నాడు. నాకు కాసేపు మాట రాలేదు. లైకా, సమ్మిక్రాన్, వెయ్యి రూపాయల ఫిల్ము, ఇన్నీ కలిసి తయారుచేసే వస్తువు ఒక్కటే. దాన్ని చెత్తబుట్టకి వదిలేసి దాని నీడ తెచ్చుకుంటారు. స్కాన్‌లో వెలుతురు సరిదిద్దుతారు, గీతలు చెరుపుతారు, మసకని పదును చేస్తారు. కెమెరా రోగమంతా అక్కడే కప్పబడిపోతుంది. అందుకే తెరకి చిల్లున్న కెమెరాతో కూడా వీళ్ళు ఏళ్ళ తరబడి ‘వింటేజ్ లుక్’ అని మురిసిపోతున్నారు.

కాబట్టి మనవడికి చెప్పిందే అందరికీ చెబుతున్నాను. కొంటే కొనండి, కానీ వాపసు తీసుకుంటానని రాతపూర్వకంగా ఒప్పుకున్నవాడి దగ్గరే కొనండి. కెమెరా రాగానే ఒక నలుపు తెలుపు రీలు వెయ్యండి. పేపరుని బల్లమీద పరిచి, ఏటవాలుగా, మీటరు దూరంనుంచి, లెన్సు పూర్తిగా తెరిచి, ఒక వరసమీద ఫోకస్ పెట్టి తియ్యండి. ఏ వరస పదునుగా వచ్చిందో నెగటివ్ చెబుతుంది. దూరంగా ఒక గోపురాన్నో సెల్ టవర్‌నో తియ్యండి. ఖాళీ ఆకాశాన్ని వెయ్యో వంతులో తియ్యండి. తెర సరిగ్గా నడవకపోతే ఒక పక్క పల్చగా, ఒక పక్క చిక్కగా వస్తుంది. తెరకి చిల్లులుంటే అదే ఆకాశం మీద అవీ చుక్కలై తేలతాయి. కెమెరాని ఒక గంట ఎండలో ఉంచి తర్వాత ఫ్రేము తిప్పండి, లోపలికి వెలుతురు కారుతుంటే చార పడుతుంది. అప్పుడు మూత పెట్టడం మరిచిపోకండి, ఇందాక ఏం చెప్పానో గుర్తుందిగా.

మా వాడు అన్నిటికీ ఊఁ కొట్టాడు. “సరే తాతయ్యా, రీలు అవగానే స్కాన్‌లు వాట్సాప్‌లో పెడతాను, నువ్వే చూసి చెప్పు” అన్నాడు. స్కాన్‌లు కాదురా, నెగటివ్‌లు పంపు, కవర్లో పెట్టి, పోస్టులో అన్నాను. అవతలి పక్క కాసేపు నిశ్శబ్దం. “పోస్టాఫీసు ఎక్కడుంటుంది తాతయ్యా?”